గట్టు మీద లెక్కపెట్టిన గొంతు

నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు... ఇందులో ఒక్క ముక్క కూడా నేను కల్పించలేదు.

భీమవరం దగ్గర రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు బాగుచేయడం నా పని. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. జేబులో నీలం ఇన్‌హేలర్ లేకుండా గడప దాటను.

ఆ రాత్రి చెరువు దగ్గర ఒక ఏరేటర్ బాగుచేస్తుండగా, రెండు గంటలకు కరెంటు పోయింది. నీళ్లను చిలికే ఏరేటర్లన్నీ ఒక్కసారిగా ఆగాయి. కాపలా ఉండే సత్తిబాబు జనరేటర్ వేయడానికి అవతలి గట్టుకు పరిగెత్తాడు. ఇటువైపు నేనొక్కణ్ణే... చీకటి... మంచు.

అప్పుడు వినిపించింది. సన్నటి ఈల. నా వెనకే.

తిరిగి చూశాను... ఎవరూ లేరు. నాలుగడుగులు వేశాను... వెంటే వచ్చింది. ఊపిరి బిగబట్టాను... ఆగిపోయింది.

ఈల నా ఛాతీలోంచే వస్తోంది.

ఇన్‌హేలర్ తీసి నొక్కాను. మందంతా నాలుక మీదే పడింది. మళ్లీ నొక్కాను. అదే చేదు. వాడే పద్ధతిని అంకెలు వేసి, వరుసగా రాసి గోడకు అంటించుకున్నవాణ్ణి... ఒక్కటీ గుర్తు రాలేదు. ఇక్కడే పోతాననుకున్నాను.

"కంగారు పడకండి. బాగా ఊపండి. ముందు లోపలి గాలి వదిలేయండి."

ఆడగొంతు. చెవి పక్కనే... చాలా నెమ్మదిగా.

"ఇప్పుడు పెదాలతో గట్టిగా పట్టుకోండి. మెల్లగా పీలుస్తూ నొక్కండి. ఊపిరి వదలకండి... ఒకటి... రెండు... మూడు..."

పది దాకా లెక్కపెట్టింది. కాసేపు ఆగి, రెండోసారి కూడా. కొన్ని నిమిషాలకు... ఛాతీ చుట్టూ బిగించిన తాడు వదులైనట్టు... గాలి లోపలికి వెళ్లింది. తల తిప్పి చూస్తే గట్టంతా ఖాళీ.

తెల్లారగానే ఆసుపత్రికి వెళ్లాను. గాలి గొట్టాల చుట్టూ బిగుసుకున్న కండరాలను ఆ మందు వదులు చేస్తుందనీ, నోట్లో పడితే లాభం లేదనీ, ఊపిరితిత్తుల్లోకి చేరాలనీ డాక్టరుగారు చెప్పారు. రోజూ పీల్చాల్సిన ఇంకో మందు కూడా రాశారు. ఇప్పుడు రాత్రంతా హాయిగా నిద్రపోతున్నాను. మెట్లెక్కినా ఆయాసం లేదు.

భయంలో నా బుర్రే ఆ మాటలు పలికిందని సరిపెట్టుకునేవాణ్ణే. కానీ ఆ రాత్రి సత్తిబాబు టార్చి వేసుకుని వస్తూనే అడిగాడు.

"ఇందాక అంకెలు లెక్కపెట్టింది మీరేనాండి?"

నేనేనన్నాను. ఇంకేం చెప్పను?

ఊపిరి బిగబట్టిన మనిషి... పైకి ఎలా లెక్కపెడతాడు?