ఇవ్వని పీరియడు

ఎలిజబెత్ క్రాఫ్ట్ టీచరు, కుట్టుపని లాంటి చేతిపనులు నేర్పుతుంది. కారంపూడి దగ్గర ఒక హైస్కూల్లో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తోంది. ఆమె సబ్జెక్టుకు పరీక్ష లేదు, మార్కులు లేవు. మార్కులు లేని సబ్జెక్టుకు బడిలో ఒక మర్యాద ఉంది: ఎవరైనా అడిగితే పీరియడు ఇచ్చేయాలి.

ఇస్తూ వచ్చింది. మొదట పదో తరగతికి, జనవరి నుంచి. తర్వాత తొమ్మిదికి. రెండేళ్ళ కిందట ఎనిమిదికి. "సిలబస్ కాలేదు మేడం" అంటే చాలు, సూదుల డబ్బా సర్దుకుని స్టాఫ్ రూముకు వెళ్ళేది. మొదట్లో దాన్ని విశ్రాంతి అనుకుంది.

ఆరుకు మొదటినుంచీ క్రాఫ్ట్ లేదు. ఇక ఏడో తరగతి మిగిలింది. బుధవారం ఆఖరి పీరియడు.

ఆ పిల్లలకు పన్నెండేళ్ళు. ఒక్క వేసవిలో చేతులు పొడుగవుతాయి. ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. బెంచీలు గీకుతారు, పక్కవాళ్ళను గిల్లుతారు, గోళ్ళు కొరుక్కుంటారు. ఎలిజబెత్ ఆ చేతులకు దబ్బనం ఇస్తుంది. మిరపకాయల గోతాల మూతి కుట్టే దబ్బనమే. చినిగిన పుస్తకాల సంచులు కుట్టిస్తుంది, ఆడపిల్లల చేతా మగపిల్లల చేతా. ఒక్కటే నియమం: ఎవరి సంచి వాళ్ళు కుట్టకూడదు.

"టీచర్, నా సంచి మధుబాబు పాడుచేశాడు" అన్నాడు ఉదయ్ ఒకరోజు.

"నువ్వెవరిది కుట్టావు?"

"ప్రత్యూషది."

"అదెట్టా ఉందో చూశావా?"

ప్రత్యూష సంచి ఎత్తి చూపింది. పట్టీ తలకిందులుగా ఉంది. క్లాసంతా నవ్వింది. ఉదయ్ కూర్చుని కుట్లు విప్పడం మొదలుపెట్టాడు.

ఈ జూలైలో హెడ్మాస్టరు వెంకటాద్రి ఆమెను పిలిచాడు.

"ఏడుకు కూడా స్లిప్ టెస్టులు పెడుతున్నామమ్మా. బుధవారం లెక్కలకు ఇచ్చేయండి."

"ఇవ్వను సార్."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "ఏందమ్మా, ఎప్పుడూ ఇస్తూనే ఉన్నారుగా?"

"అదే నేను చేసిన తప్పు."

"నరసరావుపేటలో ప్రైవేటోళ్ళు ఆరు నుంచే ఐఐటీ అంటున్నారు. మన పిల్లలు దబ్బనాలు పట్టుకుని కూర్చోవాల్నా?"

"లెక్కలకు వారానికి ఎనిమిది పీరియడ్లు ఉన్నాయి సార్. దీనికి ఒక్కటి. ఆ ఒక్కదాని మీదే మీకు కన్నెందుకు?"

లెక్కల మాస్టరు అరుణ్ కుమార్ మంచివాడు. వరండాలో ఆమెను ఆపి ఒక దారి చెప్పాడు.

"మేడం, కుట్టుపనితో కోణాలు, కొలతలు వస్తాయని ఒక కాగితం రాసివ్వండి. సార్ ఒప్పుకుంటారు."

"రాయను."

"నిజమే కదా, కొంచెం వస్తాయి కదా?"

"వస్తే రానీండి. నేను లెక్కల కోసం కుట్టించడం లేదు. సంచి కుడితే సంచి బాగవుతుంది. పక్కవాడి సంచి బాగవుతుంది. అది చాలదా సార్?"



బుధవారం ఆఖరి పీరియడుకు గంట కొట్టారు. ఎలిజబెత్ ఏడో తరగతిలోకి వెళ్ళి దబ్బనాలు పంచింది. అరుణ్ కుమార్ ప్రశ్నపత్రాలతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె కదల్లేదు. పిల్లలు ఇద్దరినీ చూశారు. కాసేపటికి వెంకటాద్రి వచ్చాడు.

"బయటకు రండమ్మా."

"పీరియడు అయ్యాక వస్తాను."

"మెమో ఇవ్వాల్సి వస్తది."

"ఇవ్వండి సార్. టైంటేబుల్లో రాసి ఉన్న క్రాఫ్ట్ పీరియడులో క్రాఫ్ట్ చెప్పినందుకు అని రాసి, కింద సంతకం పెట్టండి. నేను తీసుకుంటాను."

వెంకటాద్రి గోడకు అంటించిన టైంటేబుల్ వైపు చూశాడు. బుధవారం, ఆఖరి గడి, క్రాఫ్ట్. కింద ఆయన సంతకమే ఉంది. ఇన్నేళ్ళూ అడగడం నోటితోనే, ఇవ్వడం నోటితోనే. ఏ కాగితం మీదా ఎవరూ రాయలేదు. ఇప్పుడు రాయాలంటే ఏమని రాయాలో ఆయనకు దొరకలేదు.

"ఈ ఒక్క వారానికి" అన్నాడు చివరకు.

"ప్రతి వారం" అంది ఎలిజబెత్.

ఆయన వెళ్ళిపోయాడు. అరుణ్ కుమార్ కూడా కాగితాలు చుట్టుకుని వెళ్ళాడు. మధుబాబు దారం కొసను పంటితో తెంపాడు. "కత్తెర ఎందుకుందిరా?" అని కసిరింది ఎలిజబెత్.

మెమో రాలేదు. రెండేళ్ళలో ఆమె రిటైరవుతుంది. ఆ పోస్టులోకి ఇంకెవరూ రారని అందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు.

తర్వాతి సోమవారం ఆమె హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళి ఒక అర్జీ పెట్టింది. కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం చేసింది. రెండేళ్ళ కిందట ఇచ్చేసిన ఎనిమిదో తరగతి పీరియడు తిరిగి ఇవ్వమని అందులో ఉంది.