వంతెన దాటాకే అమ్మ అన్నం

నేను వంతెన దాటానని ఫోన్ చేసేదాకా మా అమ్మ అన్నం ముట్టేది కాదు. ఆవిడ సౌదీలోని బురైదాలో నర్సు. నేను పక్కదేశం బహ్రెయిన్‌లో డిగ్రీ చదివేవాణ్ణి. సెలవులకు సముద్రం మీది వంతెన దాటి సౌదీలోకి వచ్చి, బస్సెక్కి ఆవిడ దగ్గరికి చేరేవాణ్ణి. "నేనేమన్నా యుద్ధానికి పోయానా?" అని ఎన్నిసార్లు విసుక్కున్నానో. "పాస్‌పోర్టు మీద వాళ్ళు ముద్ర వేసేదాకా నువ్వు నా చేతిలో లేనట్టేరా" అనేది.

మూడో ఏడు పరీక్షలయ్యేసరికి నా రీ-ఎంట్రీ కాగితానికి గడువు దగ్గరపడింది. ఆ తేదీ దాటితే సౌదీలోకి రానివ్వరు. తేదీ అరబ్బీ క్యాలెండర్లో, వచ్చే నెల ఒకటి. నెలకు ముప్ఫై రోజులని లెక్కేసి అది శుక్రవారమన్నాను.

"కాదు నాన్నా, గురువారమే. ఈ నెల ఇరవైతొమ్మిదికే అయిపోద్ది. గోడమీద క్యాలెండర్ చూసే చెప్తున్నాను."

"అరబ్బీ నాకొచ్చా, నీకొచ్చా?" అని కసిరాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. పైగా గురువారం మా కాలేజీ వాళ్ళ క్రికెట్ మ్యాచ్ ఉంది. అసలు సంగతి అదీ.

శుక్రవారం వంతెన మధ్యనున్న దీవిలో ఆఫీసరు నా పాస్‌పోర్టు వెనక్కి తోశాడు. "ఖలాస్" అన్నాడు, గడువు అయిపోయిందని. నా పొగరంతా అక్కడే దిగింది. అమ్మకు ఫోన్ చేశాను. ఎలాగో చెప్పాను. "సర్లే" అంది. నాలుగు తిట్టినా బాగుండేది. కొత్త కాగితానికి నెలలు పడతాయన్నారు.

రెండు వారాలకు ఆవిడే వచ్చింది. డ్యూటీ మార్చుకుని, అంత దూరం బస్సులో వచ్చి, దీవికి సౌదీ వైపు నిలబడింది. నేను బహ్రెయిన్ వైపు. మధ్యలో కంచెలు, కార్ల వరసలు. అవతల ఆడవాళ్ళంతా బురఖాల్లాంటి నల్ల అబాయాల్లోనే.

"అమ్మా, ఏది నువ్వు?" అన్నాను ఫోన్‌లో.

"ఉండు" అంది. ఎండలో ఏదో తళుక్కుమంది. స్టీలు డబ్బా మూత. దాన్ని పైకెత్తి అటూ ఇటూ ఊపుతోంది.

"రొయ్యల ఇగురు తెచ్చాన్రా. నీకు అందించే దారి లేదంట. అడిగి చూశాను."

నాకు ఏడుపు ఆగలేదు. "నీ మాట విని గురువారమే వచ్చుంటే..."

"ఇప్పుడెందుకురా అవన్నీ. చిక్కిపోయావా? ఇక్కణ్ణుంచి కనపడట్లేదు."

చిక్కలేదన్నాను. మూత ఇంకా పైనే ఉంది. చెయ్యి ఎంత నొప్పి పుట్టిందో ఏమో.

"ఒరే, పొద్దున్నుంచీ ఏం తినలేదు" అంది చివరికి. "నువ్వు దాటలేదుగా. తిననా మరి?"

"తినమ్మా."

మూత కిందికి దిగింది. ఆ తర్వాత ఆ నల్ల అబాయాల్లో మా అమ్మ ఎవరో నాకు తెలియలేదు.