మామ్మ నానబోసిన బియ్యం

మా ఎదురింటి మామ్మ పోయింది. పొద్దున్నే కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, అలా గోడకి జారబడి కళ్లు మూసేసిందట. కబురు చెప్పడానికి వచ్చిన కోడలు ఏడుస్తూనే ఇంకో మాట కూడా అంది: "నిన్న మళ్లీ బియ్యం నానబోసింది వదినా. మీ పాప కోసమే."

ఏడుపులోనే నవ్వొచ్చింది నాకు. ఆ బియ్యం సంగతి మా వీధంతటికీ తెలుసు.

బోర్లా పడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు. బెల్లానికి కొదవ లేని అనకాపల్లిలో, మా వీధి పిల్లలందరి వేడుక వంటా మామ్మదే. మా పాప నెలలు నిండకుండా పుట్టింది. తోటి పిల్లలు పాకుతుంటే ఇది వెల్లకిలా పడుకుని ఫ్యాను చూసేది. కాస్త ఆలస్యమవుతుంది, చూద్దామన్నారు డాక్టరుగారు. ఇది అసలు నడుస్తుందా అని నాకు ఒకటే బెంగ. మామ్మ రోజూ వచ్చి నూనె రాసి, కాళ్లు మెల్లగా ఆడించేది.

"దానికి లేని కంగారు నీకెందుకే? నడుత్తాది. నా సేతి అరిసి తొక్కకుండా ఎక్కడికెళ్తాది?"

పాప బోర్లా పడిన రోజు మీరు చూడాల్సింది. మామ్మ నూనె గిన్నెతోనే వీధిలోకి పరుగెత్తి అందరినీ పిలిచేసింది. మధ్యాహ్నానికల్లా ఇంటింటికీ బొబ్బట్లు.

తంటా అంతా అరిసెలతోనే. బియ్యం ముందురోజే నానాలి కదా. పాప మంచంకోడు పట్టుకుని నిలబడితే చాలు, మామ్మ బియ్యం పోసేసేది. మర్నాడు పాప హాయిగా కూలబడేది. ఆ బియ్యం రుబ్బి అట్లు పోసి, వీధంతా పంచేది.

"ఎందుకు మామ్మా తొందర?" అంటే, "రేపే నడిసేత్తే? బియ్యం నానేదాకా పిల్ల ఆగుతాదేటి?" అనేది.

పెద్దకర్మ అయిన మర్నాడు పాప పట్టుకున్న తలుపు వదిలేసింది. ఒక అడుగు. తూలింది. ఇంకో అడుగు. చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తి కేకేశాను, అచ్చం మామ్మలాగే. అప్పుడు గుర్తొచ్చింది, మా ఇంట్లో ఒక్క గింజ కూడా నానలేదని.

పక్కింటావిడ బయటికొచ్చింది. "మాకాడ నానుతున్నాయమ్మా. మామ్మ లేదు కదా, ఎవులో ఒకలు సూసుకోవాలని పోసేను."

"నానూ పోసేను," అంది మూలింటావిడ.

ఆ సాయంత్రం మా గుమ్మం ముందు అరిటాకుల మీద అరిసెలు పరిచారు. "మా గడప దాకా పరవండి," అంది మామ్మ కోడలు. పాప ఒక్కో అరిసే తొక్కుకుంటూ, ఆగి నవ్వుకుంటూ, వీధి దాటింది. అరికాళ్లకి నువ్వులు అంటుకున్నాయి. చివరికి పాప మామ్మ ఇంటి గుమ్మానికి రెండు చేతులూ ఆన్చి, లోపల ఆవిడ నూనె గిన్నె ఉండే మూలకేసి చూస్తూ నిలబడింది.