ద్వేషం ముందు, కారణం వెనుక

కిటికీ కింద ఎన్నికల ఆటో వెళ్తోంది. మైకు గరగరలు వినగానే నాకు సులోచన మేడం గుర్తుకొస్తుంది. ఆత్మకూర్ జూనియర్ కాలేజీలో ఆమె మాకు రాజనీతిశాస్త్రం చెప్పేది. రిటైరయ్యాక మా ఊళ్లోనే స్థిరపడి, తెల్లవారుజామున డాబా మీద ఆడవాళ్లకు యోగా నేర్పేది. ఆసనాలకన్నా మనసు గురించే ఎక్కువ మాట్లాడేది. రాగం, ద్వేషం, 'నేను' అనే అస్మిత అని యోగశాస్త్రం చెప్పే మనసు జబ్బులు మునులకే కాదు, ఓటేసే మనకూ ఉంటాయనేది. "నా పార్టీ అన్నకాడ్నుంచి నేనే పార్టీ అన్నదాంక పోతం చూడు, అదే అస్మిత" అని నవ్వేది.

తెలంగాణ వచ్చాక జరిగిన ఒక పంచాయతీ ఎన్నికలో మా అన్న సర్పంచ్‌గా నిలబడ్డాడు. పోటీ అమ్మకు వరసకు తమ్ముడైన యాదగిరి మామతోనే. పోలింగుకు ముందురోజు సాయంత్రం ఫోన్లలో ఒక వీడియో తిరిగింది. మామ మనుషులు మా పార్టీ జెండా గద్దె కూలగొట్టారట. మా వాకిట్లో కుర్రాళ్లు కట్టెలు పట్టుకుని మామ ఇంటి మీదికి బయల్దేరారు. అమ్మ ఏడుస్తోంది. అప్పుడొచ్చింది మేడం.

"ఎవరన్న కండ్లార చూసిండ్రా?"

"ఫోన్ల చూసినం మేడం!"

"గద్దె ఊళ్లెనే ఉన్నది గద. పోయి చూద్దాం పాండ్రి."

ఆమె ముందు నడిచింది. గద్దె చెక్కుచెదరలేదు; వీడియో మరెక్కడిదో. దాని మీద ఆరబోసిన పల్లికాయను ఒక అవ్వ గంపకెత్తుకుంటోంది. "ఏమైంది బిడ్డా, గిట్ల కట్టెలు వట్టుకొచ్చిండ్రు?" అంది. కుర్రాళ్లు కట్టెలు వెనక్కి దాచుకున్నారు.

తిరిగొస్తూ అడిగాను, "అందరు ఎట్ల నమ్మిన్రు మేడం?"

"నమ్మాలనుకున్నరు గనుక. ద్వేషం ముందుగాల వస్తది బిడ్డా, కారణాన్ని ఎనుకంగ ఎతుక్కుంటది."

అన్న ఓడిపోయాడు. రెండు రోజులు గడప దాటలేదు. మేడం వచ్చి పక్కన కూర్చుంది. "ఎదుటోని గెలుపుకు సంతోషపడుడును ముదిత అంటరు. అన్ని ఆసనాలకంటె కష్టం. నాకు గూడ పూర్తిగ రాలే. జర ప్రయత్నం చెయ్యి."

ఆ సాయంత్రం అన్న మామ ఇంటికి వెళ్లాడు. మామ ఎదురొచ్చి "నువ్వు రావనుకున్నరా" అంటూ చేతులు పట్టుకుని ఏడ్చేశాడట. ఇప్పటికీ వాళ్లది చెరో పార్టీ.

మేడం ఇప్పుడు లేదు. ఆమె నాకు ఒక భయం ఇచ్చి వెళ్లింది. న్యాయమంతా నా వైపే ఉందన్న ఊపు ఎక్కినప్పుడల్లా, నన్ను చూసి నాకే కొంచెం భయమేస్తుంది.