అత్తగారి దవడ పన్ను, కోడలి కొత్త విద్య

పళ్ళ డాక్టర్ల శిక్షణ తరగతిలో తలా ఒక ప్లాస్టిక్ దవడ ఇచ్చారు. అందులో పుచ్చిపోయినట్టు చేసిన పన్నును పీకి, ఆ చోట ఎముకలోకి మరలా దిగే కృత్రిమ పన్ను, అదే ఇంప్లాంటు, బిగించాలి. సాయంత్రానికల్లా అందరి దవడల్లోనూ ఇంప్లాంట్లు నిటారుగా నిలబడ్డాయి. డాక్టరమ్మ దవడలో మాత్రం పన్ను బాగుపడింది.

ఆవిడ తప్పేమీ లేదు, చేతుల తప్పు. పెళ్ళికి ముందు నుంచీ రూట్ కెనాళ్ళు తప్ప మరో పని ఎరగని చేతులు. పుచ్చు కనబడగానే తవ్వి, శుభ్రం చేసి, పూడ్చి, నున్నగా అరగదీసి కూర్చున్నాయి.

నేర్పే డాక్టరు, ఆవిడకు తమ్ముడి ఈడువాడు, దవడను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అద్భుతం మేడమ్. కానీ మనం దీన్ని పీకాలి."

"అయ్యో, ఇంకా చాలాకాలం పనికొస్తుందండీ!"

తరగతంతా గొల్లుమంది.

"అందుకే అంటాను, మీ రూట్ కెనాల్ వాళ్ళకి ఇది నేర్పకూడదని. పన్ను నిలబెట్టేవాళ్ళు కూడా పీకడం మరిగితే, ఇంక పళ్ళకి దిక్కెవరండీ?"

అతను నవ్వుతూ అన్న మాటే. కానీ డాక్టరమ్మకు అది పళ్ళ సందున పీచులా ఇరుక్కుంది. ఆవిడ ఇక్కడికి వచ్చిందే వేరే బాధతో. వేరు నిలువునా పగిలిన పన్నును ఎవరూ బతికించలేరు. అలాంటివాళ్ళను ఇన్నాళ్ళూ "ఫలానా చోటికి వెళ్ళండి" అని పంపేసేది. సగంమంది వెళ్ళేవాళ్ళు కాదు. ఎప్పుడో బజారులో ఒకపక్కనే నములుతూ ఎదురుపడి, ఆవిడనే పలకరించేవాళ్ళు.

శిక్షణ పూర్తయిందో లేదో, అత్తగారు కోడలి క్లినిక్కుకు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఎప్పుడో ఎవరిచేతో రూట్ కెనాల్ చేయించుకున్న పై దవడ పన్ను, నమిలితే చాలు సలుపుతోంది.

"పీకి కొత్తది పెట్టెయ్. బోణీ నాదే. పొద్దున నాతో నడకకొచ్చే ఆవిడ తన కొత్త పన్ను నోరు తెరిచి చూపించని రోజు లేదు, చూడలేక చస్తున్నా!"

ఎక్స్‌రేలో వేరు చివర నల్లగా నీడ, లోపల చీము పట్టిన గుర్తు. పక్కన ట్రేలో కొత్త ఇంప్లాంటు సామాను తళతళలాడుతోంది. పగిలే ఉంటుందిలే, అనిపించింది డాక్టరమ్మకు. మరుక్షణమే ఆగింది. చూడకుండానే పీకేద్దామనుకుందా తను? ఆ కుర్ర డాక్టరు మాటే నిజమైందా?

ట్రే మీద గుడ్డ కప్పేసింది. మత్తిచ్చి, పాత తొడుగు తీసి, లోపల నీలిరంగు వేసి కడిగి, మైక్రోస్కోపులోంచి చూసింది. పగులుంటే రంగు గీతలా నిలవాలి. గీత లేదు. ఒక మూల మాత్రం చిన్న నీలి చుక్క. మునుపటి డాక్టరు కంటపడకుండా దాక్కున్న మరో వేరు కాలువ! సలుపంతా దానిదే.

"అమ్మయ్య!" అంది పైకే.

"ఏంటే?" అందామనుకున్నారు అత్తగారు. తెరిచిన నోట్లోంచి "ఆఁ?" అని మాత్రమే వచ్చింది.

ఆ కాలువ శుభ్రమైంది, పన్ను నిలిచింది. ట్రేలోని ఇంప్లాంటు తరవాతి వారం ఒక బస్సు డ్రైవరుకు వెళ్ళింది. అతని పన్ను నిజంగానే నిలువునా చీలింది. డాక్టరమ్మ రెండుసార్లు చూసి మరీ పీకింది. "ఫలానా చోటికి వెళ్ళండి" అనే అవసరం రాలేదు. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

అత్తగారికే నిద్ర లేదు. రెండు దవడలా కరకరా నములుతూనే కోడలిని నిలదీశారు.

"నెప్పి పోయిందిలే, కాదనను. ఎవరో డ్రైవరుకి పెట్టావు, సొంత అత్తకి ఒక్క కొత్త పన్ను పెట్టలేకపోయావు. నడకలో మొహం ఎక్కడ పెట్టుకోనే?"

"మీ పన్ను చోటు ఖాళీ చేయనంటోంది అత్తయ్యా, నన్నేం చేయమంటారు?"