మొక్కు జుట్టు

ఈ రోజు పొద్దున్న కాశీబుగ్గలో గడ్డం గీయించుకుందామని కూర్చున్నాను. గడ్డం గీసే సూరయ్య నా జుట్టు విప్పి చూసి, మళ్ళీ తానే ముడి వేశాడు. ఆ ముడి నిమ్మకాయంత కూడా రాలేదు.

"ఏటి బాబూ, ముందంతా బట్టతలయిపోనాది. ఎనకాల ఈ నాలుగు పోగులూ ఎవులి కోసం?" అన్నాడు.

మా అన్నయ్య బారువ రేవులో ఓడెక్కి బర్మాలోని రంగం వెళ్ళాడు. అక్కడ యుద్ధం వచ్చాక ఉత్తరం ముక్క లేదు. అతను తిరిగొస్తే సింహాచలంలో తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాను. అప్పుడు నాకు వీపు దాకా జుట్టుండేది. సూరయ్యకు ఈ సంగతి చెప్పాను.

"అయితే ఉన్నప్పుడే ఇచ్చీండి. రేపు మీ అన్నగారొచ్చినా, ఇవ్వడానికేటుంటాది?"

అతను వేళాకోళానికి అనలేదు. మొక్కు తీరకుండానే జుట్టు అయిపోతే తప్పు నాదే. అలాగని ఇప్పుడే ఇచ్చేస్తే, గుండుతో గుమ్మంలోకి వచ్చిన నన్ను చూసి మా వదిన ఏమనుకుంటుంది? అన్నయ్య మీద నేను ఆశ వదిలేశాననుకోదూ? ఆమె ఇంకా బొట్టు పెట్టుకుంటోంది.

గడ్డం ఒక్కటే గీయించుకుని ఇంటికొచ్చాను. వదిన నా మొహం చూడలేదు. నా తల వెనకాల ముడి ఉందో లేదో చూసింది. ఆ తర్వాతే కాళ్ళకు నీళ్ళిచ్చింది.

రాలిపోయిన వెంట్రుకలు మొక్కు కింద చెల్లుతాయో లేదో తెలిసినవారు చెప్పండి. మా ఇంటికొచ్చి మాత్రం చెప్పకండి. వదిన వింటుంది.