తోడు పోయిన దవాఖాన

మొన్న మా కోడలు ఒక్కతే స్కూటీ వేసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, నేను పొయ్యి మీద పెట్టిన పప్పు ఉడికేలోగా తిరిగి వచ్చేసింది. తోడు వెళ్దామని నేను చీర మార్చుకుని సిద్ధంగా ఉంటే, ఫోన్లోనే టైము తీసుకున్నాను అత్తమ్మా, మీకెందుకు శ్రమ అని నవ్వి వెళ్ళింది. మార్చుకున్న చీరతో అలాగే కూర్చుండిపోయి, పది పన్నెండేళ్ళ కిందటి సంగతి గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను.

మన ఈడు ఆడవాళ్ళకు చెప్పనక్కరలేదు, అప్పట్లో మా ఆర్మూర్‌లో ఏ ఆడదీ దవాఖానకు ఒంటరిగా పోయేది కాదు, తలనొప్పికైనా సరే పక్కన ఒక మనిషి ఉండాల్సిందే. మా యారాలికి, అంటే మా మరిది భార్యకు, కడుపులో మంట పట్టుకుంటే నేను తోడు బయలుదేరాను. అవి పసుపు ఉడకబెట్టే రోజులు. కల్లం నిండా కొమ్ములు ఎండుతున్నాయి, ఎంత రుద్దినా మా ఇద్దరి చేతుల పచ్చదనం వదల్లేదు. ఆమె డాక్టరమ్మకు చూపించుకోవడానికని పెట్టెలోని కొత్త చీర తీసి కట్టింది, నేను రోగికి బలం కావాలని జొన్నరొట్టెలు కట్టుకున్నాను.

లోపల రోగి కుర్చీలో యారాలు కూర్చుంది, తోడొచ్చిన వాళ్ళకు వేసిన స్టూలు మీద నేను. డాక్టరమ్మ ఒక్కొక్కటే అడుగుతూ, ముట్లు నిలిచాక మళ్ళీ ఎప్పుడైనా మరకలు కనబడ్డాయా అన్నది. కొన్నాళ్ళుగా నాకు జరుగుతున్నదే అది. పసుపు ఏరుతూ ఒకనాడు యారాలి చెవిన వేసి, ఎవరికీ చెప్పవద్దని ఒట్టు పెట్టించుకున్నాను. ఈ వయసులో ఇదేం ముచ్చటని నలుగురూ నవ్వుతారని నా సిగ్గు. ఆమె నోట్లో మాట ఆగదని తెలుసు కనుక, కొంగు చాటున తొడ గట్టిగా గిల్లాను. ఆమె ఎగిరిపడి, "నాకేం లేదు డాక్టరమ్మా, గీ మా అక్కకే అయితుంది, చెప్పొద్దని నన్ను గిల్లుతుంది సూడు" అన్నది.

అంతే, మా ఇద్దరి చోట్లూ మారిపోయాయి. యారాలికి గ్యాసు గోలీలు రాసిచ్చి, డాక్టరమ్మ నన్ను బల్ల మీద పడుకోబెట్టింది. స్కాను తీశారు, గర్భసంచిలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సర్ అని వచ్చింది. ఏ పని మీద చేయి వేసినా, వచ్చే ఏటి పసుపు నేను చూడననే మాటే లోపల తిరిగేది. డాక్టరమ్మ మాత్రం, మొదట్లోనే దొరికింది, గర్భసంచి దాటినట్టు లేదు, అండాశయాలతో సహా తీసేస్తే నయమవుతుందని ధైర్యం చెప్పి హైదరాబాద్ పంపింది.

ఆపరేషన్ గదికి తీసుకుపోతుంటే, భయానికో మరెందుకో, మబ్బు పట్టిందట కదా, కల్లంలో పసుపు మీద ఏమైనా కప్పారా అని అడిగాను. "పసుపు ఫికర్ నాకిడిసిపెట్టక్కా, నువ్వు మంచిగ వొయ్యి మంచిగ రా" అని యారాలు నా పచ్చటి చేతిని వదలకుండా తలుపు దాకా నడిచింది. తీసిన గర్భసంచిని పరీక్షించి, జబ్బు లోపలే ఆగింది, ఇంక కీమో మందులూ, కరెంటు అని మనమనే రేడియేషనూ అక్కర్లేదు, అప్పుడప్పుడూ వచ్చి చూపించుకుంటే చాలని చెప్పిన రోజున మా ఆయన గోడ వైపు తిరిగి ఏడ్చాడు, యారాలు వార్డు వార్డంతా తిరిగి చెప్పొచ్చింది.

నేను ఇల్లు చేరేసరికి నా గర్భసంచి కథ మార్కెట్ యార్డులో హమాలీలకు కూడా తెలిసిపోయింది. తల ఎత్తుకోలేననుకున్నాను. కానీ చూడవచ్చిన ఆడవాళ్ళలో ఇద్దరు ముగ్గురు, మగవాళ్ళు బయటికి పోయాక, తమకూ అలాగే అవుతోందని మెల్లగా బయటపెట్టారు. వాళ్ళను వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది కూడా యారాలే.

ఇప్పటి పిల్లలు తమ బాధ తామే నోరు విప్పి చెప్పుకుంటారు, నాకది సంతోషమే. అయినా కోడలు కూర్చున్న గదిలో తోడొచ్చిన వాళ్ళ స్టూలు ఖాళీగా ఉండి ఉంటుందని తలుచుకుంటే మనసు కొంచెం చివుక్కుమన్నది. నేను బతికిపోయింది ఆ స్టూలు మీద కూర్చోబట్టే కదా. చీర ఎలాగూ కట్టుకున్నానని సాయంత్రం యారాలింటికి వెళ్తే, మోకాళ్ళు నొప్పి, రేపు దవాఖానకు తోడు రమ్మన్నది. డాక్టరు ఏమైందని అడగగానే తన మోకాళ్ళు పక్కన పెట్టి నా కథే మొదలుపెడుతుంది, నాకు తెలుసు. చెప్పనీ, ఈసారి గిల్లను.